24 హెలికాప్టర్లు: యుద్ధాల్లో ఇరుక్కున్న సైన్యాలు ఆపదలో ఉన్నవాళ్ళ దగ్గరికి ఎందుకు వెళ్ళలేవు

2007 జూలై 31న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఒక పెద్ద తీర్మానం చేసింది. సూడాన్ పశ్చిమ ప్రాంతమైన డార్ఫర్‌కు సైనికులు, పోలీసులు కలిపి దాదాపు 26,000 మందితో శాంతి పరిరక్షక దళాన్ని పంపాలని నిర్ణయించింది. అప్పటికే అక్కడ నాలుగేళ్ళుగా ఊళ్ళు తగలబడుతున్నాయి. పాతిక లక్షల మంది ఇళ్ళు వదిలి శిబిరాల్లో ఉన్నారు. కొత్త దళానికి కావలసినవాటి జాబితాలో 24 హెలికాప్టర్లు ఉన్నాయి. మనుషుల్నీ సరుకుల్నీ మోసేవి 18, దాడి జరుగుతున్న చోటికి వెంటనే వెళ్ళగలిగిన యుద్ధ హెలికాప్టర్లు 6.

ప్రపంచంలోని సైన్యాలన్నిటి దగ్గరా కలిపి వేల హెలికాప్టర్లు ఉంటాయి. అడిగింది 24. నెలలు గడిచాయి, ఒక్కటీ రాలేదు. అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ పదేపదే బహిరంగంగా అడిగారు. చివరికి 2010 ఫిబ్రవరిలో ఐదు వచ్చాయి. ఇచ్చింది ఏ సంపన్న దేశమో కాదు, ఇథియోపియా. తీర్మానానికీ ఆ ఐదు హెలికాప్టర్లు డార్ఫర్‌లో దిగడానికీ మధ్య రెండున్నరేళ్ళు పట్టింది. ఈలోగా ఆ దళం అద్దెకు తీసుకున్న పౌర హెలికాప్టర్లతోనే నెట్టుకొచ్చింది. కాల్పులు జరిగే చోటికి అవి వెళ్ళవు.

ఎందుకిలా జరిగింది అంటే చాలామంది చెప్పే జవాబు ఒకటే: ఎవరికీ పట్టలేదు. అందులో నిజముంది. అయితే అది సగం నిజమే. మిగతా సగం సైన్యాల లెక్కల్లో ఉంది. అది అర్థం కాకపోతే, ప్రతి సంక్షోభంలోనూ ప్రపంచం ఎందుకు ఆలస్యంగా, అరకొరగా వస్తుందో అర్థం కాదు. ఒకచోట మొదలుపెట్టిన యుద్ధానికి, దానితో ఏ సంబంధమూ లేని ఇంకెక్కడో ఉన్న మనుషులు మూల్యం చెల్లిస్తారు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

సైన్యం లెక్క

దేశాల బలం గురించి మాట్లాడేటప్పుడు మనం మొత్తం సంఖ్య చూస్తాం. ఐదు లక్షల సైన్యం, పది లక్షల సైన్యం అంటాం. సైన్యాన్ని నడిపేవాళ్ళ లెక్క వేరేగా ఉంటుంది. ఒక బ్రిగేడ్‌ను, అంటే మూడు నాలుగు వేల మంది సైనికుల దళాన్ని, విదేశంలో ఏళ్ళ తరబడి ఉంచాలంటే వాళ్ళకు కనీసం మూడు బ్రిగేడ్లు కావాలి. ఒకటి అక్కడ ఉంటుంది. ఒకటి అప్పుడే తిరిగొచ్చి ఉంటుంది. దానికి సెలవులు, గాయాలకు వైద్యం, బదిలీలు, ఇసుకలో దుమ్ములో అరిగిపోయిన వాహనాలకు మరమ్మతులు. మూడోది వెళ్ళడానికి శిక్షణ తీసుకుంటూ ఉంటుంది. అంటే లక్ష మందిని యుద్ధభూమిలో నిలబెట్టడానికి మూడు లక్షల మంది కట్టుబడిపోతారు. ఇక శిక్షణా కేంద్రాల్లో, గిడ్డంగుల్లో, ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళు ఈ వంతుల్లోకి రారు. వాళ్ళనూ తీసేస్తే ఐదు లక్షల సైన్యంలో నిజంగా చేతికి మిగిలేది చాలా తక్కువ.

2007లో అమెరికా పరిస్థితి సరిగ్గా ఇదే. ఆ ఏడాది జనవరిలో ఇరాక్‌కు అదనంగా ఐదు బ్రిగేడ్లు పంపుతున్నట్టు ప్రకటించారు. కొన్ని నెలల్లో అక్కడ అమెరికా బలగాలు 1,60,000 దాటాయి. అఫ్ఘానిస్తాన్‌లో ఉన్నవాళ్ళు వేరే. పంపడానికి బ్రిగేడ్లు చాలక ఏప్రిల్‌లో సైనికుల గడువును 12 నెలల నుంచి 15 నెలలకు పెంచారు. ఏడాది అయ్యాక ఇంటికొస్తాననుకున్న మనిషికి ఇంకో మూడు నెలలు అక్కడే ఉండాలని చెప్పారు. అంతకు కొన్ని నెలల ముందే, 2006 డిసెంబర్‌లో, మాజీ విదేశాంగ మంత్రి, స్వయంగా ఒకప్పటి సైన్యాధిపతి అయిన కొలిన్ పావెల్, అమెరికా సైన్యం దాదాపు విరిగిపోయే స్థితికి వచ్చిందని టీవీలోనే చెప్పారు.

ఒక చిన్న వివరం చూడండి. అమెరికా సైన్యంలో 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్ అని ఉంది. విమానాల్లోంచి దూకే సైనికుల దళం. ఎక్కడ ఏ ఆపద వచ్చినా గంటల్లో బయల్దేరడానికి అందులో ఒక బ్రిగేడ్‌ను ఎప్పుడూ సిద్ధంగా ఉంచడం దశాబ్దాల ఆనవాయితీ. 2007లో బాగ్దాద్‌కు అదనంగా వెళ్ళిన ఐదు బ్రిగేడ్లలో మొదటిది ఆ డివిజన్‌లోని రెండో బ్రిగేడే. అనుకోని ఆపద కోసం దాచుకునే బలగాన్ని కూడా అప్పటికే ఉన్న యుద్ధంలోకి దించేస్తే, ఆ తర్వాత వచ్చే ఆపదకు ఏం మిగులుతుంది? ఆ ఏడాదే డార్ఫర్ తీర్మానం వచ్చింది.

మనుషులు దొరుకుతారు, హెలికాప్టర్లు దొరకవు

ఇంకా లోతుగా చూస్తే అసలు కొరత మనుషుల్లో ఉండదు. తుపాకీ పట్టుకుని నడిచే సైనికుల్ని ఇవ్వడానికి ఏదో ఒక దేశం ముందుకొస్తుంది. ఆ రోజుల్లో ఐరాస ఒక్కో సైనికుడికి నెలకు 1,028 డాలర్ల చొప్పున ఆయా ప్రభుత్వాలకు చెల్లించేది. పేద దేశాలకు అది గిట్టుబాటే. దొరకనివి వేరే ఉన్నాయి: హెలికాప్టర్లు, బరువైన సామాను మోసే పెద్ద రవాణా విమానాలు, రోడ్లూ వంతెనలూ వేసే ఇంజనీరింగ్ దళాలు, యుద్ధక్షేత్రంలో ఆపరేషన్ చేయగల వైద్య బృందాలు, నీళ్ళు శుద్ధి చేసే యూనిట్లు, శత్రువు కదలికలు కనిపెట్టే నిఘా. ఇవి కొద్ది దేశాల దగ్గరే ఉంటాయి, వాళ్ళ దగ్గర కూడా తక్కువే ఉంటాయి. ఏ యుద్ధం మొదలైనా ముందు వెళ్ళేవి ఇవే, చివర తిరిగొచ్చేవీ ఇవే.

హెలికాప్టర్ సంగతే తీసుకుందాం. డార్ఫర్ వైశాల్యం సుమారు ఫ్రాన్స్ అంత. తారు రోడ్లు లేవనే చెప్పాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు. ఎండాకాలంలో ఇసుక బాటల్లా ఉండే వాగులు ఆ నాలుగు నెలలూ పొంగి పొర్లుతాయి. ఒక శిబిరం మీద దాడి జరుగుతోందని వైర్‌లెస్‌లో కబురు వస్తే, వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న స్థావరం నుంచి జీపుల్లో బయల్దేరినవాళ్ళు ఎప్పటికి చేరతారో చెప్పలేం. చేరేసరికి బూడిద మిగులుతుంది. హెలికాప్టర్ ఉంటే అదే దూరం అరగంట.

మరి ఒక హెలికాప్టర్‌ను ఎగిరే స్థితిలో ఉంచడం మామూలు పని కాదు. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి అది మోయగల బరువు తగ్గిపోతుంది. ఇసుక దాని రెక్కల అంచుల్ని గరుకు కాగితంలా అరగదీస్తుంది, ఇంజిన్‌లోకి దూరుతుంది. ఎగిరిన ఒక్కో గంటకు మెకానిక్‌లు అంతకు ఎన్నో రెట్లు పనిచేయాలి. విడిభాగాలు, ఇంధనం, పైలట్లు, వాళ్ళకు రక్షణ, అన్నీ వెంట రావాలి. మూడు హెలికాప్టర్లుంటే నమ్మకంగా ఎగిరేది ఒకటో రెండో. అఫ్ఘానిస్తాన్ కొండల్లో, ఇరాక్ ఎడారుల్లో వందల హెలికాప్టర్లు ఇలాగే అరిగిపోతున్న కాలమది. 2009 వేసవిలో అఫ్ఘానిస్తాన్‌లోని హెల్మండ్‌లో ఉన్న తమ సైనికులకే హెలికాప్టర్లు చాలడం లేదని బ్రిటన్ రాజకీయాల్లో పెద్ద దుమారం రేగింది. సొంత బిడ్డలకే చాలడం లేదని అక్కడి జనం కోపంగా ఉన్నప్పుడు, డార్ఫర్‌కు నాలుగు పంపుదామని ఏ మంత్రి లేచి అనగలడు?

హెలికాప్టర్ ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంతో రెండు సంఘటనలు చెబుతాను.

2000 మే నెలలో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదారులు దాదాపు 500 మంది ఐరాస సైనికుల్ని బందీలుగా పట్టుకున్నారు. తూర్పు చివర కైలాహున్ అనే ఊళ్ళో 200 మందికి పైగా భారత సైనికుల్ని చుట్టుముట్టారు. వాళ్ళు ఆయుధాలు అప్పగించడానికి ఒప్పుకోలేదు. ముట్టడి 75 రోజులు సాగింది. జూలై మధ్యలో భారత సైన్యం ఆపరేషన్ ఖుక్రీ మొదలుపెట్టింది. భారత వైమానిక దళం మి-8, మి-35 హెలికాప్టర్లను వాడింది, బ్రిటన్ చినూక్ అనే పెద్ద రవాణా హెలికాప్టర్లు రెండు పంపింది. ముట్టడిలో చిక్కుకున్నవాళ్ళు బయటపడ్డారు.

2008 జూలై 8. ఉత్తర డార్ఫర్. ఐరాస, ఆఫ్రికన్ యూనియన్ ఉమ్మడి దళానికి చెందిన గస్తీ బృందం ఒకటి పౌరుల హత్యలపై విచారణ చేసి తిరిగొస్తోంది. గుర్రాల మీదా, మెషిన్‌గన్లు బిగించిన వాహనాల మీదా వచ్చిన దాదాపు 200 మంది దాన్ని చుట్టుముట్టారు. రెండు గంటలకు పైగా కాల్పులు జరిగాయి. పైనుంచి ఆదుకోవడానికి ఒక్క యుద్ధ హెలికాప్టర్ కూడా లేదు. ఐదుగురు రువాండా సైనికులు, ఘనా, ఉగాండాలకు చెందిన ఇద్దరు పోలీసులు చనిపోయారు. 22 మంది గాయపడ్డారు. ప్రజల్ని కాపాడటానికి వెళ్ళినవాళ్ళ గతే ఇలా ఉంటే, ఆ ప్రజల గతి గురించి వేరే చెప్పక్కర్లేదు.

పేరు పెట్టారు, వెళ్ళలేదు

డార్ఫర్ కథ 2003 ఫిబ్రవరిలో మొదలైంది. ఇరాక్ యుద్ధం మొదలవడానికి నెల ముందు. తమ ప్రాంతాన్ని పట్టించుకోవడం లేదని రెండు తిరుగుబాటు సంస్థలు ఆయుధాలు పట్టాయి. సూడాన్ ప్రభుత్వం జవాబుగా జంజావీద్ అనే అరబ్ ముఠాలకు ఆయుధాలిచ్చి అరబ్బేతర తెగల ఊళ్ళ మీదికి వదిలింది. పైనుంచి ప్రభుత్వ విమానాలు బాంబులు వేసేవి, కింద ముఠాలు ఊళ్ళోకి దిగేవి. హత్యలు, అత్యాచారాలు, బావుల్లో శవాలు పడేసి నీళ్ళు పాడుచేయడం. ఆకలి, రోగాలతో పోయినవాళ్ళను కూడా కలిపి మృతులు మూడు లక్షల దాకా ఉండొచ్చని ఐరాస 2008లో అంచనా వేసింది.

2004 సెప్టెంబర్ 9న పావెల్, అప్పటికి విదేశాంగ మంత్రి, సెనేట్ కమిటీ ముందు డార్ఫర్‌లో జరిగింది జాతి నిర్మూలనే అని చెప్పారు. ఒక దేశపు ప్రభుత్వం, కళ్ళ ముందు జరుగుతున్న మారణకాండకు అంత సూటిగా ఆ పేరు పెట్టడం చాలా అరుదు. అదే సాక్ష్యంలో ఆయన ఇంకో మాట కూడా అన్నారు: ఇలా నిర్ధారించినంత మాత్రాన అమెరికా కొత్తగా చేయవలసిందేమీ లేదని. అంతకు రెండు నెలల ముందే ఇరాక్‌లో అధికారం తాత్కాలిక ప్రభుత్వానికి అప్పగించారు, అక్కడ తిరుగుబాటు ముదురుతోంది. పంపడానికి చేతిలో ఏమీ లేనివాళ్ళ మాటలా ఉంటుంది ఆ రెండో వాక్యం.

వెళ్ళింది ఆఫ్రికన్ యూనియన్. 2004 ఆగస్టులో 150 మంది రువాండా సైనికులతో మొదలై, మరుసటి ఏడాదికి సుమారు 7,000 మంది అయ్యారు. ఫ్రాన్స్ అంత ప్రాంతానికి ఏడు వేల మంది. వాళ్ళకిచ్చిన ఆదేశ పత్రంలో పౌరుల్ని కాపాడాలనే ఉంది, కానీ వెంటే ఒక షరతు: తమకు ఎదురుపడినవాళ్ళను, దగ్గరలో ఉన్నవాళ్ళను, ఉన్న వనరులూ శక్తీ మేరకు. ఆ చివరి మాటలు నన్ను వదలవు. వనరులు ఎన్నో ఇవ్వాల్సినవాళ్ళే ‘వనరుల మేరకు’ అని రాసి ఇచ్చారు. జీతాలు నెలల తరబడి అందని సైనికులు, ఎడారిలో చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న స్థావరాలు. 2007 సెప్టెంబర్ చివర్లో హస్కనీటా అనే చోట ఒక స్థావరం మీద తిరుగుబాటుదారులు పెద్దఎత్తున విరుచుకుపడ్డారు. పది మంది శాంతి సైనికులు చనిపోయారు.

న్యాయంగా చెప్పాలంటే, ఇరాక్ యుద్ధం లేకపోయి ఉంటే డార్ఫర్ బతికిపోయేదని నేను అనను. అడ్డంకులు ఇంకా చాలా ఉన్నాయి. సూడాన్ ప్రభుత్వం ఒప్పుకోనిదే దళం లోపలికి వెళ్ళలేదు. 2006 ఆగస్టులో భద్రతా మండలి 17,300 మంది దాకా పంపడానికి ఆమోదించినా సూడాన్ ససేమిరా అంది, ఆ దళం కదలనే లేదు. కెనడా 2005లో ఆఫ్రికన్ యూనియన్ కోసం 105 సాయుధ వాహనాలు ఇస్తే, సూడాన్ అనుమతి కోసం అవి సెనెగల్‌లో నెలల తరబడి పడి ఉన్నాయి. చైనాకు సూడాన్ చమురు ముఖ్యం, దాని చేతిలో వీటో ఉంది. ఉత్తర, దక్షిణ సూడాన్‌ల మధ్య ఇరవై ఏళ్ళకు పైగా సాగిన యుద్ధాన్ని ముగించే ఒప్పందం 2005 జనవరిలో కుదిరింది. దాన్ని కాపాడుకోవాలని అమెరికాయే డార్ఫర్ విషయంలో సూడాన్‌ను మరీ గట్టిగా నిలదీయలేదు.

కానీ ఈ అడ్డంకుల్లో కొన్నింటిని పెంచింది కూడా ఆ యుద్ధభారమే. ఒక నియంతను ఒప్పించాలంటే బేరసారాల వెనుక ఏదో ఒక బలం కనపడాలి. అమెరికా దగ్గర ఇంకో యుద్ధానికి సైన్యం లేదని రాజధాని ఖార్టూమ్‌లో కూర్చున్న సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్‌కు పత్రికలు చదివితే చాలు, తెలిసిపోతుంది. అందుకే ఒప్పుకుంటాననీ, కాననీ, మళ్ళీ మాట్లాడదామనీ సంవత్సరాలు నెట్టుకొచ్చాడు. రెండోది నమ్మకం. లేని ఆయుధాల పేరు చెప్పి ఇరాక్ మీదికి వెళ్ళినవాళ్ళు, ఇప్పుడు మానవత్వం పేరు చెబితే ఎవరు నమ్ముతారు? ఐరాస దళం వస్తే అది వలస పాలన తిరిగిరావడమేనని బషీర్ అన్నాడు. అరబ్ దేశాల్లో, ఆఫ్రికాలో ఆ మాటకు చెవులు దొరికాయి. మూడోది అధికారుల ధ్యాస. ఒక ప్రభుత్వంలో అధ్యక్షుడి సమయం, మంత్రుల సమయం, పెద్ద అధికారుల సమయం కూడా హెలికాప్టర్ల లాగే పరిమితం. రోజూ పొద్దున్నే బాగ్దాద్ బాంబుల లెక్కతో మొదలయ్యే సమావేశంలో డార్ఫర్ ఎప్పుడూ చివరి అంశం అవుతుంది. టైమ్ లేక రేపటికి వాయిదా పడుతుంది.

సాకు, నిజం

‘మా సైన్యం ఇప్పటికే తలకు మించిన భారం మోస్తోంది’ అనే మాట నిజం కావచ్చు, సాకూ కావచ్చు. రెండూ ఒకేసారి కూడా కావచ్చు. దాన్ని విడదీసి చూడటానికి 1994 రువాండాకు మించిన ఉదాహరణ లేదు.

అప్పటికి ఐరాస చరిత్రలో ఎన్నడూ లేనంతమంది, 70,000 మందికి పైగా, బోస్నియా, సోమాలియా లాంటి చోట్ల శాంతి విధుల్లో ఉన్నారు. అంతకు ముందు అక్టోబర్‌లో సోమాలియా రాజధాని మొగదిషులో 18 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ఇక చాలు అనే మూడ్‌లో ఉన్నారు అందరూ. ఏప్రిల్‌లో రువాండాలో టుట్సీ తెగవాళ్ళ ఊచకోత మొదలైంది. తొలిరోజే అక్కడి ఐరాస దళంలోని పది మంది బెల్జియం సైనికుల్ని చంపేశారు. బెల్జియం తన దళాన్ని వెనక్కి తీసుకుంది. రెండు వారాలకు భద్రతా మండలి అక్కడున్న సుమారు 2,500 మంది బలగాన్ని పెంచాల్సింది పోయి 270కి కుదించమంది. కమాండర్ రోమియో డలేర్ ఆ మాటను పూర్తిగా పాటించకుండా 450 మంది దాకా అట్టిపెట్టుకుని వేలమందిని కాపాడారు. ఐదు వేల మంది మంచి సైనికుల్ని ఇస్తే ఇది ఆపగలనని ఆయన అడిగారు. నూరు రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మందిని చంపేశారు.

సైన్యాలు నిజంగా లేవా? ఏప్రిల్ రెండో వారంలో ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీల నుంచి దాదాపు వెయ్యి మంది సుశిక్షితులైన సైనికులు విమానాల్లో రువాండా రాజధాని కిగాలిలో దిగారు. తమ దేశాల పౌరుల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయారు. రావడానికి విమానాలు దొరికాయి, మనుషులు దొరికారు, రోజుల్లో వచ్చారు. మే నెలలో మండలి మనసు మార్చుకుని 5,500 మందిని పంపాలంది. ఐరాస అడిగితే సైనికుల్ని సిద్ధంగా ఉంచుతామని అంతకుముందే మాటిచ్చిన దేశాలు 19 ఉన్నాయి. ఆ 19లో ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. ఆఫ్రికా దేశాలు సైనికుల్ని ఇస్తామన్నాయి కానీ వాళ్ళకు వాహనాలు లేవు. జర్మనీలో అమెరికా సైన్యం గిడ్డంగుల్లో 50 సాయుధ వాహనాలు ఖాళీగా ఉన్నాయి. వాటిని అద్దెకివ్వాలా, అద్దె ఎంత, రవాణా ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అని వారాల తరబడి ఉత్తరాలు నడిచాయి. అవి ఉగాండాలోని ఎంటెబ్బే విమానాశ్రయానికి చేరేసరికి జూన్ నెలాఖరు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడానికి బేరమాడటం అంటే ఇదే.

కాబట్టి నా పరీక్ష ఒకటుంది. ‘మా దగ్గర లేవు’ అని ఎవరైనా అన్నప్పుడు, తమవాళ్ళు చిక్కుకుపోతే వాళ్ళ దగ్గర ఏం బయటికొచ్చిందో చూడాలి. డార్ఫర్ విషయంలో కొరత చాలావరకు నిజమైనదే. రువాండా విషయంలో కొరత చాలావరకు మనసులో ఉంది. లైబీరియా ఈ రెంటికీ మధ్య. 2003 వేసవిలో రాజధాని మన్రోవియా మీద షెల్స్ పడుతుంటే 2,300 మంది మెరీన్లతో అమెరికా ఓడలు తీరానికి దగ్గరగా వచ్చి ఆగాయి. ఒడ్డున దిగింది సుమారు 200 మంది, అదీ నైజీరియా సైనికులు ముందు వెళ్ళాక. ఇరాక్‌లో కాలు పెట్టి అప్పటికి అయిదు నెలలు కూడా కాలేదు, ఇంకో బురదలో దిగే ధైర్యం ఎవరికీ లేదు.

చేతిలో కొంత ఉంచుకుంటే

ప్రకృతి విపత్తుల్లో పరిస్థితి కొంత మెరుగు. కారణం తేలిక: భూకంపం ఎవరి మీదా కాల్పులు జరపదు. వారం, నెల చాలు, ఏళ్ళ తరబడి ఉండక్కర్లేదు. 2005 అక్టోబర్ 8న పాకిస్తాన్ ఉత్తర ప్రాంతాల్లో, కశ్మీర్‌లో భూకంపం వచ్చి పాకిస్తాన్ వైపే 70,000 మందికి పైగా చనిపోయినప్పుడు, అఫ్ఘానిస్తాన్‌లో ఉన్న అమెరికా చినూక్‌లు రెండు మూడు రోజుల్లో వచ్చి గాయపడినవాళ్ళను కొండల్లోంచి దించాయి. పక్కనే యుద్ధం జరుగుతుండటం ఈసారి పనికొచ్చింది. అయితే అదే ఏడాది ఆగస్టులో కత్రినా తుపాను లూసియానాను ముంచినప్పుడు, విపత్తుల్లో ఆదుకోవాల్సిన ఆ రాష్ట్ర సొంత సైనిక దళం నేషనల్ గార్డ్‌లోని ప్రధాన బ్రిగేడ్ ఇరాక్‌లో ఉంది. వేరే రాష్ట్రాల నుంచి మనుషులొచ్చారు, వేలల్లోనే వచ్చారు. కానీ బ్రిగేడ్లు లేకపోవడం వల్ల మహా అయితే ఒక రోజు ఆలస్యమై ఉండొచ్చని అప్పటి నేషనల్ గార్డ్ అధిపతే ఒప్పుకున్నారు. కప్పు మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళకు ఒక రోజంటే చాలా ఎక్కువ.

2010 జనవరి 12న హైతీ భూకంపం వచ్చింది. అప్పుడు కూడా అమెరికా రెండు యుద్ధాల్లో ఉంది, అఫ్ఘానిస్తాన్‌కు ఇంకా సైన్యాన్ని పెంచుతోంది. కానీ రెండు మూడు రోజుల్లో పారాట్రూపర్లు పోర్ట్ అవ్ ప్రిన్స్‌లో దిగడం మొదలైంది. వెళ్ళింది 82వ డివిజన్ రెండో బ్రిగేడ్. 2007లో బాగ్దాద్‌కు వెళ్ళిన అదే బ్రిగేడ్. ఈసారి దాన్ని ఏ యుద్ధానికీ కేటాయించకుండా, అనుకోని అవసరాల కోసమని పక్కన పెట్టారు. అందుకే వెళ్ళగలిగింది. ఒక బ్రిగేడ్‌ను ఖాళీగా ఉంచడమంటే యుద్ధం చేస్తున్న సైన్యాధికారులకు ఎంత కష్టమో ఊహించవచ్చు. అవతల తమవాళ్ళు చస్తుంటే, ఇవతల నాలుగు వేల మంది ఖాళీగా ఎందుకు అని అడుగుతారు. ఆ ప్రశ్నకు తట్టుకుని నిలబడ్డ నిర్ణయం అది.

ఐరోపా దేశాలు ఇదే ఆలోచనతో 2007 నుంచి ఒక్కోటి సుమారు 1,500 మందితో ‘బ్యాటిల్ గ్రూపు’లను వంతులవారీగా సిద్ధంగా ఉంచుతామన్నాయి. కాగితం మీద చక్కగా ఉంది. 2008 చివర్లో కాంగోలో గోమా నగరం తిరుగుబాటుదారుల చేతికి చిక్కబోతుంటే, అదనపు ఐరాస సైనికులు వచ్చేదాకా కొద్దికాలం ఆదుకోమని బాన్ కీ మూన్ అడిగారు. ఐరోపా కాదంది. ఆ గ్రూపుల్ని ఏ సంక్షోభానికీ పంపనే లేదు. అదే ఏడాది పొరుగునున్న చాద్‌లో డార్ఫర్ శరణార్థుల రక్షణకు 3,700 మందితో ఒక దళం వెళ్ళింది కానీ, అన్ని ఐరోపా దేశాలూ కలిసి దానికి సరిపడా హెలికాప్టర్లు సమకూర్చలేకపోయాయి. చివరికి రష్యా నాలుగు ఇచ్చింది.

ఇది పశ్చిమ దేశాల జబ్బు మాత్రమే అనుకోకూడదు. కాంగోలో ఐరాస మిషన్‌కు ఏళ్ళ తరబడి వెన్నుదన్నుగా ఉన్నవి భారత వైమానిక దళ హెలికాప్టర్లే. దేశంలో అవసరాలు పెరిగాయని 2010–11లో భారత్ యుద్ధ హెలికాప్టర్లను వెనక్కి పిలిపించుకుంది. వాటికి బదులు వెతుక్కోవడానికి ఐరాస నానా తంటాలు పడింది. భారత్‌ను నేను తప్పు పట్టడం లేదు. ప్రపంచం మొత్తం అంత కొద్ది యంత్రాల మీద ఆధారపడి ఉందని చెప్పడానికే ఈ సంగతి.

ఇవన్నీ కలిసి ఒక విచిత్రమైన పని విభజనను తయారుచేశాయి. హెలికాప్టర్లు, నిఘా, పెద్ద విమానాలు ఉన్న దేశాలు తమ యుద్ధాల్లో ఉంటాయి, తీర్మానాలకు ఓటేస్తాయి, ఖర్చులో పెద్ద వాటా ఇస్తాయి. ప్రమాదం ఉన్న చోటికి బంగ్లాదేశ్, ఇథియోపియా, రువాండా, నేపాల్, పాకిస్తాన్, భారత్, ఘనా సైనికులు కాలినడకన, జీపుల్లో వెళతారు. నిర్ణయించేవాళ్ళు ఒకరు, చచ్చేవాళ్ళు ఇంకొకరు అయినప్పుడు, అరకొర దళాలకు పెద్ద పెద్ద బాధ్యతలు రాసివ్వడం చాలా తేలిక అవుతుంది. 2005లో ప్రపంచ నేతలంతా న్యూయార్క్‌లో కలిసి, ఏ దేశమైనా తన ప్రజల్ని ఊచకోత నుంచి కాపాడలేకపోతే ఆ బాధ్యత ప్రపంచానిది అని ఒప్పుకున్నారు. ఆ బాధ్యతకు ఎన్ని హెలికాప్టర్లు కావాలో, ఎవరివో, ఆ పత్రంలో ఎక్కడా లేదు.

డార్ఫర్‌లోని ఐరాస దళం గడువు 2020 డిసెంబర్ 31తో ముగిసింది. చాలా కాలం దాని ప్రధాన కేంద్రం ఎల్ ఫషర్ నగరం. 2023 ఏప్రిల్‌లో సూడాన్ సైన్యానికీ, పాత జంజావీద్‌ల నుంచే పుట్టిన ఆర్‌ఎస్‌ఎఫ్ (ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) బలగానికీ మధ్య మళ్ళీ యుద్ధం మొదలైంది. మరుసటి ఏడాది అదే ఎల్ ఫషర్‌ను ఆర్‌ఎస్‌ఎఫ్ చుట్టుముట్టింది. పక్కనే ఉన్న జంజం శిబిరంలో 2024 ఆగస్టులో కరువు నిర్ధారణ అయింది. 2003లో మొదలైన హింస నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు అక్కడే పిల్లల్ని కని పెంచిన శిబిరం అది. ముట్టడి ఆపాలని భద్రతా మండలి ఆ జూన్‌లోనే తీర్మానించింది. అక్టోబర్‌లో ప్రధాన కార్యదర్శి గుటెరస్, పౌరుల రక్షణకు ఐరాస దళాన్ని పంపే పరిస్థితులు ప్రస్తుతం లేవని మండలికి చెప్పారు. అప్పటికి ఐరోపా ఆయుధాలూ డబ్బూ ఉక్రెయిన్‌కు వెళ్తున్నాయి, అమెరికా ఓడలు ఎర్రసముద్రంలో ఉన్నాయి, ప్రపంచం కళ్ళు గాజా మీద ఉన్నాయి.

2025లో ఆర్‌ఎస్‌ఎఫ్ వాళ్ళు ఎవరూ తప్పించుకు పోకుండా నగరం చుట్టూ ఎత్తైన మట్టికట్ట పోశారు. అది ఉపగ్రహ చిత్రాల్లో రోజురోజుకూ పొడుగవుతూ కనిపించింది. నెలల తరబడి అందరూ చూశారు. అక్టోబర్ 26న నగరం పడిపోయింది. 2007లో కనీసం ఒక జాబితా ఉండేది, అందులో 24 అనే అంకె ఉండేది, ఇవ్వని దేశాలను అడగడానికి ఒక ఆధారం ఉండేది. ఈసారి ఎన్ని కావాలని అడిగినవాళ్ళే లేరు.